గెట్ అర్థం కావాలంటే దాని తోక చూడండి

నా మొదటి ఇంటర్వ్యూ పూర్తయ్యాక ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి లేచి, చెయ్యి కలిపి, "వీ విల్ గెట్ బ్యాక్ టు యూ" అని నవ్వుతూ బయటికి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ కూర్చున్నాను. గెట్ బ్యాక్ అంటే తిరిగి రావడమని ఎప్పుడో చదివి పెట్టుకున్నాను కదా, ఆయన తిరిగొస్తాడు, ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతాడు అనుకుని ఫైలు ఒళ్ళో పెట్టుకుని 40 నిమిషాలు అలాగే ఉన్నాను. చివరికి గది సర్దడానికి వచ్చినావిడ "ఇంకా ఎవరైనా రావాలా బాబూ?" అని అడిగితే గానీ విషయం బుర్రకెక్కలేదు. ఆ తర్వాత వాళ్ళు గెట్ బ్యాక్ అవనూ లేదు, అది వేరే కథ.

గమ్మత్తేంటంటే నేను చదివింది తప్పు కాదు. గెట్ బ్యాక్ అంటే తిరిగి రావడమే. కానీ దాని వెనకాల "టు" అని, ఆ తర్వాత ఒక మనిషి వచ్చి చేరేసరికి అది కాస్తా "సంగతి తర్వాత చెబుతాం" అయిపోయింది. నేను మాట చూశాను, దాని తోక చూడలేదు.

గెట్ అనే ఈ ఇంగ్లిష్ క్రియ నేర్చుకోవడానికి నాకు పనికొచ్చిన ఒకే ఒక్క పద్ధతి ఇదే, మిగతాదంతా దీని వివరమే. అర్థాల లిస్టు బట్టీ పట్టకండి. గెట్ తర్వాత ఏం వచ్చిందో చూడండి. వస్తువా, గుణమా, చోటా, మనిషా, ఓవర్, ఎవే లాంటి చిన్న ముక్కా? అది తెలిస్తే అర్థం చాలావరకు దానంతటదే బయటపడుతుంది.

ఇది మనకేం కొత్త కాదు. "కొట్టు" సంగతి చూడండి: చప్పట్లు కొడతాం, ఈత కొడతాం, కన్ను కొడతాం, డబ్బా కొడతాం, సినిమా బోరు కొడుతుంది, మురిగిపోయింది వాసన కొడుతుంది. వీటిలో ఎవరికీ దెబ్బ తగల్లేదు. చిన్నప్పుడు ఎవరైనా మనల్ని కూర్చోబెట్టి కొట్టు అర్థాలు ఇరవై అని చెప్పారా? లేదు. పక్కమాటను బట్టి పట్టేశాం. తేడా అల్లా తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి దాని ముందున్న మాట చూస్తాం, ఇంగ్లిష్‌లో క్రియ ముందే వచ్చేస్తుంది కాబట్టి దాని తర్వాతి మాట చూడాలి. మన అలవాటు ప్రకారం గెట్ వినగానే అర్థం తేల్చేద్దామని చూస్తాం, అక్కడే బోల్తా పడతాం. ఒక్క క్షణం ఆగాలి, తోక రానివ్వాలి.

డిక్షనరీ చూసి టెన్షన్ పడేవాళ్ళకి ఒక మాట. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ 1989లో 20 సంపుటాలుగా వచ్చినప్పుడు అందులో సెట్ అనే క్రియకి 430 అర్థాలు చూపించారు. తర్వాత తిరగరాస్తూ వచ్చేసరికి రన్ దాన్ని దాటేసి 645కి చేరింది. గెట్ కూడా ఆ బాపతే. కానీ ఆ డిక్షనరీ అర్థాలను చరిత్ర ప్రకారం, పాతవి ముందూ కొత్తవి తర్వాతా పేరుస్తుంది, కాబట్టి నేర్చుకునేవాళ్ళకి అది పని చేయదు. లెర్నర్స్ డిక్షనరీ అని విడిగా ఉంటాయి, అవి ఎక్కువ వాడే అర్థాన్ని ముందు పెడతాయి. అందులో కూడా అర్థం చదవడం కన్నా దాని కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదవండి, తోక అక్కడే కనిపిస్తుంది.

సరే, ఒక్కొక్క తోకా చూద్దాం.

తోక వస్తువైతే

రావడం, దొరకడం, తెచ్చుకోవడం, కొనడం. ఇక్కడ మనవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది. తెలుగులో "నాకు ఉత్తరం వచ్చింది" అంటాం, అంటే వచ్చింది ఉత్తరం, నేను ఊరికే "నాకు" అని పక్కన నిలబడ్డాను. ఇంగ్లిష్‌లో మనిషిని ముందుకి లాగుతారు: "ఐ గాట్ ఎ లెటర్." (గాట్ అంటే గెట్‌కి భూతకాల రూపం.) నాకు ఉద్యోగం దొరికింది, నాకు మంచి మార్కులు వచ్చాయి, నాకు జలుబు చేసింది, నాకో ఐడియా తట్టింది, ఈ నాలుగు వాక్యాల్లో తెలుగు క్రియలు వేరువేరు, ఇంగ్లిష్‌లో మాత్రం అన్నీ "ఐ గాట్"తోనే మొదలవుతాయి. కాబట్టి మీ బుర్రలో "నాకు ఫలానాది వచ్చింది" అన్న వాక్యం పుట్టగానే నాకుని ఐ చేసి గాట్ తగిలించండి, పదింట ఎనిమిదిసార్లు సరిపోతుంది. సరిపోనివీ ఉన్నాయి. "నాకు ఈత వచ్చు" అన్నదాంట్లో వచ్చేదేమీ లేదు, అది చేతనవడం, దానికి గెట్ పనికిరాదు.

వస్తువు ముందు ఇంకో మనిషి కూడా ఉంటే తెచ్చిపెట్టడం. "గెట్ మీ ఎ చెయిర్" అంటే నాకో కుర్చీ తెచ్చిపెట్టు. ఇది బాగానే అర్థమవుతుంది గానీ "కెన్ యూ గెట్ ద డోర్?" దగ్గర తికమక పడతాం. తలుపు ఊడదీసి తెమ్మని కాదు, ఎవరో వచ్చారు తలుపు తియ్యమని, లేదా ఆ తలుపు కాస్త పట్టుకోమని. "ఐ విల్ గెట్ ద ఫోన్" అంటే మోగుతున్న ఫోన్ నేనెత్తుతాను. బిల్లు రాగానే "ఐ విల్ గెట్ దిస్" అన్నారంటే డబ్బులు వాళ్ళిస్తున్నారు, మీరు హాయిగా కూర్చోవచ్చు.

తోక గుణమైతే

అవడం, మారడం. డార్క్, ఓల్డ్, యాంగ్రీ, టైర్డ్ లాంటివి వస్తే అంతే. "ఇట్ ఈజ్ డార్క్" అంటే చీకటిగా ఉంది, "ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్" అంటే చీకటి పడుతోంది. మొదటిది ఉన్న స్థితి, రెండోది మారుతున్న స్థితి. "ఐ యామ్ హంగ్రీ" అంటే ఇప్పటికే ఆకలిగా ఉంది, "ఐ యామ్ గెటింగ్ హంగ్రీ" అంటే ఆకలి మొదలవుతోంది, ఇంకాసేపు ఆగగలను.

ఇక్కడ మన "అవు" మనల్ని ముంచే చోటు ఒకటుంది, కాస్త నిలబడి చూడాలి. తెలుగులో "ముసలాడయ్యాడు" అంటాం, "డాక్టరయ్యాడు" అంటాం, రెండింటికీ అదే అయ్యాడు. మొదటిదానికి "హి గాట్ ఓల్డ్" సరిగ్గా సరిపోతుంది. అదే ఊపులో రెండోదానికి "హి గాట్ ఎ డాక్టర్" అన్నారనుకోండి, అతను వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చాడు అని అర్థం! తోక గుణం కాదు, వస్తువో మనిషో అయింది కాబట్టి పై విభాగంలోకి వెళ్ళిపోయింది. అక్కడ "బికేమ్ ఎ డాక్టర్" అనాలి. ఈ ఒక్క తేడా పట్టుకున్నా ఈ వ్యాసం చదివినందుకు గిట్టుబాటు అయినట్టే.

పెళ్ళి కూడా ఈ బాపతే. "గెట్ మ్యారీడ్". కాకపోతే ఎవరితో అనేటప్పుడు మన "తో"ని చూసి "విత్" పెట్టేస్తాం, అక్కడ "టు" రావాలి. పాడైపోవడం, పిచ్చెక్కడం, బట్టతల రావడం లాంటి చేటు మార్పులకు ఎక్కువగా గెట్ కాకుండా గో వాడతారు. ఎందుకంటారా, అలవాటు, అంతే.

తోక చోటైతే

చేరడం. "గెట్ టు ద స్టేషన్", స్టేషన్‌కి చేరడం. హోమ్, హియర్, దేర్ ముందు మాత్రం "టు" పెట్టకూడదు, "గెట్ హోమ్" చాలు. ఎక్కడం దిగడం దగ్గర ఒక చిన్న కిటుకు: లోపల లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగితే గెట్ ఆన్, గెట్ ఆఫ్, అంటే బస్సు, రైలు, విమానం, ఓడ. వంగి దూరి కూర్చోవాల్సొస్తే గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్, అంటే కారు, టాక్సీ. సైకిల్, గుర్రం లాంటివి పైన కూర్చునేవి కాబట్టి వాటికీ ఆన్.

ఇంకొకరితో చేయించడం

నాకు బాగా నచ్చిన గెట్ ఇది, ఎందుకంటే తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే పరికరం మన దగ్గరుంది: చేయు, చేయించు. రాయి, రాయించు. ఆ "ఇంచు" పనే గెట్ చేస్తుంది, కాకపోతే రెండు రకాలుగా.

మనిషి పేరు చెబితే ఆ మనిషి తర్వాత టు, ఆ తర్వాత మామూలు క్రియ: "ఐ గాట్ హిమ్ టు సైన్", అతని చేత సంతకం పెట్టించాను. ఇందులో కాస్త బతిమాలడమో, నచ్చజెప్పడమో, తిప్పలు పడడమో ఉంటుంది. "ఐ మేడ్ హిమ్ సైన్" అంటే బలవంతంగా పెట్టించాను. "ఐ హ్యాడ్ హిమ్ సైన్" అంటే చెప్పాను, పెట్టాడు, గొడవేం లేదు. మూడింట్లో గెట్‌కి మాత్రమే టు కావాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

మనిషి ఎవరో అనవసరం, పని అయితే చాలు అనుకుంటే వస్తువు ముందు పెట్టి, తర్వాత క్రియ మూడో రూపం: "ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్", ఫోన్ బాగుచేయించుకున్నాను. గెట్ వదిలేసి "ఐ రిపేర్డ్ మై ఫోన్" అంటే స్క్రూడ్రైవర్ మీ చేతిలో ఉన్నట్టు. ఇలాగే "ఐ కట్ మై హెయిర్" అంటే అద్దం ముందు కత్తెర పట్టుకుని నిలబడింది మీరేనని ఎదుటివాళ్ళు అనుకుంటారు, తర్వాత మీ తల వైపు చూస్తారు కూడా. "గాట్ మై హెయిర్ కట్" అంటే గొడవుండదు.

ఒక మెలిక ఉంది. "హి గాట్ హిస్ ఫింగర్ కాట్ ఇన్ ద డోర్." వరస అదే, వస్తువు, మూడో రూపం. కానీ ఎవరూ కావాలని తలుపులో వేలు ఇరికించుకోరు కదా, ఇది చేయించుకోవడం కాదు, జరిగిపోవడం. ఇలాంటి చోట రూలు పని చేయదు, ఇంగితం పని చేయాలి.

తిట్లు తినడం

గెట్ తర్వాత నేరుగా క్రియ మూడో రూపం వస్తే, తనకి ఏదో జరిగింది: "గాట్ ఫైర్డ్", ఉద్యోగం ఊడింది. "గాట్ స్టోలెన్", ఎవడో ఎత్తుకెళ్ళాడు. "గాట్ ప్రమోటెడ్", ప్రమోషన్ వచ్చింది. దీన్ని వ్యాకరణ పుస్తకాలు "బడు" పెట్టి తెలుగు చేస్తాయి, తొలగించబడెను, దొంగిలించబడెను అని. మనం అలా మాట్లాడం. మన దగ్గర ఇంతకన్నా మంచి మాటుంది: తినడం. తిట్లు తిన్నాడు, తన్నులు తిన్నాడు, దెబ్బలు తిన్నాడు. "హి గాట్ స్కోల్డెడ్" అంటే అచ్చంగా అదే, తిట్లు తిన్నాడు. ఆ బతుకువాసన గెట్‌లో ఉంది, "హి వాజ్ స్కోల్డెడ్"లో లేదు, అది రిపోర్టులా ఉంటుంది. అందుకే ఈ గెట్‌ని ఎక్కువగా మాటల్లోనే వాడతారు, అదీ ఎక్కువగా చెడు జరిగినప్పుడు, లేదా అదృష్టం కలిసొచ్చినప్పుడు.

చిన్న ముక్కలు

గెట్ అప్, గెట్ ఓవర్, గెట్ ఎవే, గెట్ ఎలాంగ్. అందరూ భయపడేది వీటికే, లిస్టులు పెట్టి బట్టీ కొట్టేదీ వీటినే. ముందు ఆ చిన్న ముక్క బొమ్మ కళ్ళముందు వేసుకోండి. ఓవర్ అంటే ఒక గోడ మీంచి దాటడం. "గెట్ ఓవర్ ఎ ఫీవర్" అంటే జ్వరం గోడ దాటి ఇవతల పడడం, కోలుకోవడం. "షి నెవర్ గాట్ ఓవర్ హిమ్", అతన్ని మర్చిపోయి ముందుకి రాలేకపోయింది. త్రూ అంటే సొరంగంలోంచి అటు తేలడం, "గెట్ త్రూ ది ఎగ్జామ్" అంటే పరీక్ష గట్టెక్కడం. మనం కూడా గట్టెక్కడం అనే అంటాం, చూశారా, బొమ్మ ఒకటే. "గెట్ బై" అంటే పక్కనుంచి ఎలాగోలా జారుకుంటూ పోవడం, ఏదో నెట్టుకొస్తున్నాం అన్నమాట.

బొమ్మ పని చేయనివి కొన్ని ఉన్నాయి, వాటిని వాక్యంతో సహా గుర్తు పెట్టుకోవాలి. "గెట్ ఎవే విత్ ఇట్" అంటే తప్పు చేసి శిక్ష తప్పించుకోవడం, దేన్నో పట్టుకుని పారిపోవడం కాదు. "గెట్ ఎరౌండ్ టు ఇట్" అంటే ఎన్నాళ్ళుగానో వాయిదా వేసిన పనికి ఎట్టకేలకి తీరిక చేసుకోవడం. "వాట్ ఆర్ యూ గెటింగ్ ఎట్?" అన్నారంటే "ఇంతకీ ఏమంటావ్?" అని, గొంతులో కాస్త కారం కూడా ఉంటుంది, తేలిగ్గా తీసుకోకండి.

మన సినిమాలవాళ్ళు "గెటప్" అంటారే, వేషం, అది కూడా ఇంగ్లిష్‌లో ఉన్నదే, గెట్ అప్‌ని నామవాచకం చేస్తే కాస్త విచిత్రమైన వేషధారణ అని అర్థం. మనవాళ్ళు ఆ విచిత్రం తీసేసి వాడుకుంటున్నారు. అదే గెట్ అప్‌ని క్రియగా వాడితే నిద్ర లేవడం.

అర్థం చేసుకోవడం కూడా గెట్టే

"డూ యూ గెట్ ఇట్?" అంటే అర్థమైందా? ఇందులో వింతేం లేదు. మన "గ్రహించు" సంస్కృతంలో పట్టుకోవడమనే ధాతువు నుంచి వచ్చింది, చేత్తో పట్టుకోవడం బుర్రతో పట్టుకోవడం అయింది. గెట్ కూడా అదే దారిన నడిచింది. ఇది పాత నార్స్ భాషలో, అంటే ఇంగ్లండ్ మీదికి వచ్చి స్థిరపడ్డ వైకింగుల భాషలో, గెటా అనే క్రియ. సంపాదించడం, దక్కించుకోవడం దాని అర్థం. ఇంగ్లిష్‌కి అంతకు ముందే ఆ కుదురు మాట ఒకటి సొంతంగా ఉంది, అది ఫర్‌గెట్‌లో మిగిలింది: పట్టు జారిపోవడం, మర్చిపోవడం.

మనవాళ్ళు ఫోన్‌లో "ఐ డిడ్ంట్ గెట్ యూ" అంటుంటారు, మీ మాట అర్థం కాలేదని. ఇక్కడ అందరికీ తెలుస్తుంది గానీ బయటివాళ్ళకి "మీరు నాకు దక్కలేదు" అన్నట్టు వింతగా వినిపించవచ్చు. "ఐ డిడ్ంట్ గెట్ దట్" అనండి. "ఐ డోంట్ గెట్ యూ" అంటే మరీ ప్రమాదం, నువ్వేం మనిషివో నాకు అంతుబట్టదు అని.

హావ్ చేరితే

"ఐ హావ్ గాట్ టూ సిస్టర్స్" అంటే ఇద్దరు చెల్లెళ్ళున్నారు, తెచ్చుకున్నారని కాదు. ఇందులో గాట్ ఊరికే అలంకారం. అయితే కింది రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి. "ఐ గాట్ టు మీట్ హర్": ఆమెని కలిసే అదృష్టం దక్కింది. "ఐ హావ్ గాట్ టు మీట్ హర్": ఆమెని కలిసి తీరాలి, తప్పదు. ఒక్క హావ్ పడేసరికి అదృష్టం కాస్తా బాధ్యత అయిపోయింది. పైగా మాటల్లో ఆ హావ్ మింగేసి గాట్, టు కలిపి "గాటా" అంటారు. గాటా అని వినిపిస్తే తప్పదు అనే అర్థం తీసుకోండి. ఇక అమెరికావాళ్ళు మూడో రూపంగా గాటెన్ అంటారు, బ్రిటన్‌లో గాట్‌తోనే సరిపెడతారు. రెండూ ఒప్పే, ఒకే ఉత్తరంలో రెండూ కలపకండి.

వినడం గురించి ఒక చిట్కా, ఇది తెలుగువాళ్ళకి కలిసొచ్చే సంగతి. అమెరికా యాసలో గెట్ తర్వాత అచ్చు వస్తే ఆ "ట్" దాదాపు మన "ర"లా పలుకుతుంది. గెట్ అప్ "గెరప్" అవుతుంది, గెట్ ఇట్ "గెరిట్", గెట్ అవుట్ "గెరౌట్". సినిమాల్లో గెట్ వినపడటం లేదు అనుకునేవాళ్ళు ర కోసం వెతకండి, దొరుకుతుంది.

సాధన ఎలా చేయాలి

ఒక నోట్‌బుక్కులో గెట్ అని హెడ్డింగ్ పెట్టకండి. పేజీకో తోక పెట్టండి: వస్తువు, గుణం, చోటు, చేయించడం, తినడం, చిన్న ముక్కలు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో ఏదైనా ఒక పది నిమిషాలు చూసి, గెట్ కనపడ్డ ప్రతి వాక్యాన్నీ సరైన పేజీలో రాసి, పక్కన తెలుగులో మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే రాయండి. డిక్షనరీ తెలుగు వద్దు, పొందుట, లభించుట అని రాస్తే ఆ పేజీని మళ్ళీ మీరే చదవరు. ఏ పేజీలోనూ ఇమడని వాక్యం దొరికితే చివరి పేజీలో పడేయండి, నా నోట్‌బుక్కులో ఆ చివరి పేజీ ఏడాది తర్వాత కూడా సగం ఖాళీగానే ఉంది.

రాసేటప్పుడు మాత్రం ఉల్టా చేయాలి. దరఖాస్తో, ఆఫీసు మెయిలో రాశాక అందులో గెట్, గాట్ ఎక్కడెక్కడున్నాయో వెతికి రిసీవ్, బికమ్, అరైవ్, అండర్‌స్టాండ్ లలో ఏది సరిపోతే అది పెట్టండి. అన్నీ మార్చక్కర్లేదు, స్నేహితులకి రాసేదైతే అసలు ముట్టుకోకండి, "ఐ రిసీవ్డ్ ఎ కోల్డ్" అని రాస్తే జలుబు కొరియర్‌లో వచ్చినట్టుంటుంది.